ఒక్క ఇంజనుతో వెనక్కి: శంషాబాద్–రాజమహేంద్రవరం ప్రయాణం

శంషాబాద్ నుంచి రాజమహేంద్రవరానికి వేళ కుదిరిందని ఏటీఆర్ 72 ఎక్కాను. తోక దగ్గరి మెట్ల మీదుగా ఎక్కే ఈ చిన్న విమానంలో వరుసకు నాలుగే సీట్లు కాబట్టి మధ్య సీటు బెడద లేదు, రెక్క పైన ఉండడం వల్ల కిటికీలోంచి నేల చక్కగా కనిపిస్తుంది. తలపై సామాను అర మాత్రం ఇరుకు. నా సీటు ఎడమ ప్రొపెల్లరుకు కాస్త వెనుక.

బయలుదేరిన ఇరవై నిమిషాలకు ఎడమవైపు మోత సన్నగిల్లింది, విమానం ఒకసారి పక్కకు ఊగి సర్దుకుంది. అంతవరకూ బూడిదరంగు చక్రంలా కనిపించిన ప్రొపెల్లరుకు ఆరు రెక్కలున్నాయని అప్పుడు లెక్కపెట్టగలిగాను. గాలికి అడ్డుపడకుండా అంచులు ముందుకు తిప్పుకొని అవి నిలిచిపోయాయి. దీనినే ఫెదరింగ్ అంటారు. "బాబూ, ఆ ఫ్యాను ఆపేశారేమిటి?" అని పక్క సీటు పెద్దావిడ అడిగారు. "రెండోది తిరుగుతోందండీ" అన్నాను గానీ, నా అరచేతులు తడిసిపోయాయి.

కేప్టెన్ గొంతు వినిపించడానికి ఐదారు నిమిషాలు పట్టింది. ఆ మౌనం అప్పుడు భయపెట్టినా, నేను దానిని తప్పుపట్టను. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ఇదే రకం ట్రాన్స్‌ఏషియా విమానంలో కుడి ఇంజను శక్తి కోల్పోతే, పైలట్ పొరపాటున బాగున్న ఎడమ ఇంజనును ఆపేశారు. 58 మందిలో 43 మంది మరణించారు. చెడిందేదో పైలట్లిద్దరూ సరిచూసుకున్నాకే ఇంజను ఆపే లివరు మీద చెయ్యి వేయాలి. ప్రకటన హిందీలో, ఇంగ్లీషులోనే వచ్చింది, ఎయిర్ హోస్టెస్ మోకాళ్లపై కూర్చొని పెద్దావిడకు తెలుగులో చెప్పారు, "వెనక్కి వెళ్తున్నామమ్మా, ఒక్క ఇంజనుతో దిగొచ్చు." రన్‌వే పక్కన అగ్నిమాపక శకటాలు వరుసగా నిలిచి ఉండగా, మామూలు రోజుకన్నా మెత్తగా దిగాము.

గాలిలో అంత శ్రద్ధ చూపిన సంస్థ నేల మీద మమ్మల్ని వదిలేసింది. అంతమందికీ ఒకే కౌంటరు, అందులో ఒక్కరే ఉద్యోగి. ఇంత చిన్న ప్రయాణానికి రెండు గంటల ఆలస్యం దాటితే ఫలహారం ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం. మూడు గంటలయ్యాక, అది కూడా అడిగినవారికే, చల్లారిన సమోసా దొరికింది. ఆరు గంటలు దాటితే డబ్బు వాపసు కోరవచ్చు. మా ఆలస్యం బోర్డు మీద సరిగ్గా ఐదున్నర గంటల దగ్గర ఆగింది!

సాయంత్రం వచ్చింది కూడా ఏటీఆరే. పెద్దావిడ నా కిటికీ సీటు అడిగి తీసుకొని, మధురపూడిలోని రాజమహేంద్రవరం విమానాశ్రయంలో దిగేదాకా ఫ్యాను మీదనుంచి కళ్లు తీయలేదు.

పుష్కర ఘాట్ దగ్గరి లాడ్జిలో తువ్వాలు పలచన, దోమలు ఎక్కువ. అయినా రాత్రి పదింటికి వెళితే యజమాని గది అట్టేపెట్టి, పగటి అద్దె తగ్గించి, బకెట్టు వేడినీళ్లు పైకి పంపారు.