ఇంటి మొత్తానికి ఒకే ఫిల్టర్ అంటూ ఇంటింటికీ వస్తున్నారు, జాగ్రత్త

పాలకొల్లు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, గోదావరి అవతల రాజోలు, అమలాపురం వైపు వాళ్ళు కూడా ఇది కాస్త ఓపిగ్గా చదవండి. స్నానాల నీళ్ళ దగ్గర్నుంచి తాగే నీళ్ళ దాకా అన్నీ ఒకే ఫిల్టర్‌తో శుద్ధి అయిపోతాయని చెప్పి ఇంటింటికీ తిరిగి అమ్ముతున్నారు. మా ఇంట్లోనూ బిగించారు. రూ.14,800 తీసుకున్నారు. వాళ్ళు చూపించింది ఉప్పు, అమ్మింది బురదని ఆపే ఫిల్టర్. ఆ రెండింటికీ సంబంధం లేదు.

ముందు ఆ ప్రదర్శన గురించి చెప్తాను, ఎందుకంటే అందరూ భయపడేది అక్కడే. రెండు గాజు గ్లాసులు పెట్టమంటారు. ఒకదాంట్లో మన కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో వాళ్ళు తెచ్చిన బాటిల్ నీళ్ళు. కరెంటుకి తగిలించిన చిన్న పెట్టె, దాని కింద కడ్డీలు. ఆ కడ్డీలు మన గ్లాసులో ముంచగానే నీళ్ళు ముందు ఆకుపచ్చగా తిరిగి, చూస్తుండగానే తుప్పు రంగులోకి మారి, పైన నురగ కడతాయి. వాళ్ళ గ్లాసు మాత్రం తేటగానే ఉంటుంది. "చూశారా అమ్మా, రోజూ మీరు తాగేది ఇదే" అంటారు. మా అమ్మ అది చూసి పిల్లలకి ఇన్నాళ్ళూ ఈ నీళ్ళే పట్టామా అని ఆ రాత్రి సరిగ్గా అన్నం కూడా తినలేదు.

నిజం ఏంటంటే, ఆ మురికి నీళ్ళలోది కాదండి, కడ్డీలది. వాటిలో ఇనుప కడ్డీలుంటాయి. నీళ్ళలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా విడిపోతుంది. వాళ్ళు తెచ్చే బాటిల్‌లోవి లవణాలు తీసేసిన ఆర్‌ఓ నీళ్ళు, వాటిలో లవణాలు చాలా తక్కువ కాబట్టి అక్కడ ఏమీ కనపడదు. మీ ఇంట్లో ఎవరైనా ఈ ప్రదర్శన పెడితే, తేటగా ఉన్న ఆ రెండో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ కడ్డీలు ముంచమనండి. అవీ అలాగే మారతాయి. మనం తినే ఉప్పే కదా వేసింది!

ఇంత చేసి వాళ్ళు బిగించింది స్పన్ క్యాండిల్ ఫిల్టర్. తెల్లటి దూది చుట్టలా ఉంటుంది, పని చేసేది ఇసుక, ఒండ్రు, తుప్పు రేణువుల మీదే. ఉప్పు నీళ్ళని గుడ్డలో వడపోస్తే ఉప్పు పోదు కదా, ఇదీ అంతే. మా బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, లీటరుకి మిల్లీగ్రాముల్లో) ఫిల్టర్‌కి ముందు 640, దాటాక 638. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్ళలో టీడీఎస్ 500 లోపు ఉండాలి, వేరే నీటి ఆధారం లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. సముద్రం దగ్గరి మన ఊళ్ళలో ఉప్పు బోర్లు ఎన్నో మీకు తెలుసు. వాటికి ఈ ఫిల్టర్ వల్ల ఏ ఉపయోగమూ ఉండదు. గీజర్‌లో గార పట్టడం ఆగదు. క్రిములు చావవు. బోరు నుంచి తేటగా వచ్చి, బకెట్లో కాసేపు ఉంచితే ఎర్రబడే నీళ్ళుంటాయే, వాటిలో ఇనుము కరిగి ఉంటుంది. గాలి తగిలి తుప్పుగా మారకముందు దాన్నీ ఇది పట్టుకోలేదు.

పోనీ బురదనైనా ఆపిందా అంటే అదీ లేదు. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం నుంచి కాలువల్లోకి వచ్చేది ఎర్రనీరు. అది చెరువులో సరిగ్గా తేరకముందే కుళాయిల్లోకి వచ్చేస్తుంది. ఇందులో ఇసుక నిమిషాల్లో అడుక్కి దిగుతుంది. సన్నని బంకమట్టి రేణువులు 2 మైక్రాన్లలోపే ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), రోజుల తరబడి నీళ్ళలోనే తేలుతుంటాయి. 5 మైక్రాన్ల క్యాండిల్‌లోంచి అవి చాలావరకు జారిపోతాయి, మిగిలిన ఒండ్రు క్యాండిల్‌ని మూసేస్తుంది. మన పెద్దవాళ్ళు కుండలో చిల్లగింజ అరగదీసింది, పటిక తిప్పింది ఈ సన్న మట్టి ముద్దకట్టి దిగడానికే. ఆ పని ఫిల్టర్‌కి ముందు సంపులోనే జరగాలి.

వాడేసిన క్యాండిల్‌ని పారెయ్యకుండా కత్తిపీట మీద అడ్డంగా కోసి చూడండి. మంచిదైతే బయట ఇటుక రంగు, లోపలికి పోయేకొద్దీ పాలిపోతూ మధ్య గొట్టం దగ్గర తెల్లగా ఉంటుంది. మాది కోస్తే పైపొర ఎర్రగా, దాని కింద అంతా కొత్తదానిలా తెల్లగా ఉంది, కానీ మధ్య గొట్టం లోపల వేలు పెడితే బురద అంటింది. అంటే నీళ్ళు క్యాండిల్‌లోంచి పోవడమే లేదు. దాని పొడవు బౌల్‌కి, అంటే క్యాండిల్ కూర్చునే డబ్బాకి సరిపోక, కింద మిగిలిన సందులోంచి నేరుగా గొట్టంలోకి దూరిపోతున్నాయి.

అసలు మెలిక ఈ సైజులోనే ఉంది. బజారులో ఎక్కడైనా దొరికేవి 10 అంగుళాలు, 20 అంగుళాల పొడవువి. లావులో 2.5 అంగుళాల స్లిమ్, 4.5 అంగుళాల జంబో. వీళ్ళు పెట్టిన బౌల్ ఈ కొలతల్లో దేనికీ రాదు. భీమవరంలో అడిగితే షాపువాళ్ళు చూసి పక్కన పెట్టేశారు. వాళ్ళ దగ్గరే కొనాలి, ఒక్కోటి రూ.1,900. అదీ సందు పడేదే. కాబట్టి ఎవరి దగ్గర కొన్నా ముందు అడగాల్సింది, "దీనిలోకి బయట దొరికే 20 అంగుళాల జంబో క్యాండిల్ పడుతుందా?" అని. టేపు పెట్టి కొలిచి చూపించమనండి.

బిగించిన చోటు ఇంకో బాధ. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపు మీద పెట్టారు. నీళ్ళ ఎత్తు ఒక్కో అడుగుకి వచ్చే ప్రెషర్ 0.43 పీఎస్ఐ మాత్రమే. మేడ మీద కుళాయి ట్యాంకులోని నీటి మట్టం నుంచి 8 అడుగుల కింద ఉంటే మూడున్నర పీఎస్ఐకి మించి రాదు. సగం మూసుకున్న క్యాండిల్ దాన్నీ తినేస్తుంది. మా షవర్‌లో నీళ్ళు బొట్లు బొట్లుగా రావడం మొదలైతే, ప్రెషర్ పంపు కూడా తీసుకోండి, ఇంకో రూ.11,000 అన్నారు. ఫిల్టర్ సరిగ్గా పెడితే ఆ పంపు అక్కర్లేదు. సంపు నుంచి ట్యాంకుకి ఎక్కే మోటారు లైను మీద, మోటారు నీళ్ళ ధారకి తగ్గ జంబో సైజులో, ఫిల్టర్‌కి అటూ ఇటూ ప్రెషర్ గేజులు, పక్కన బైపాస్ వాల్వుతో పెట్టించుకోవాలి. రెండు గేజుల తేడా 10 పీఎస్ఐ దాటితే క్యాండిల్ మార్చాలి. ఇప్పటికే ట్యాంకు కింద పెట్టేసినవాళ్ళు కొత్త క్యాండిల్ వేసిన రోజు బకెట్ ఎంతసేపట్లో నిండిందో రాసుకోండి. దానికి రెట్టింపు టైమ్ పడితే మార్చేయడమే. ఏడాదికోసారి అనే లెక్క మన దగ్గర కుదరదు. వరద నెలల్లో తొందరగా మూసుకుపోతుంది, మిగతా రోజుల్లో నిదానం. ఎర్రబడకపోయినా జిగురు పడితే ఉంచొద్దు.

రెండో బౌల్‌లో బొగ్గు క్యాండిల్ పెడతామంటే ఇంటి మొత్తం లైనుకి వద్దనండి. పంచాయతీ నీళ్ళలోని క్లోరిన్‌ని అది లాగేస్తుంది, ఆ తర్వాత పైపుల్లో పాచి పడుతుంది. తాగే నీళ్ళకి వంటింట్లో వేరే ఏర్పాటు ఉండాలి, లేదా కాచుకోవాలి.

మీ నీళ్ళకి ఏం కావాలో తెలుసుకోవడానికి గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక దిగితే కడిగి వాడుకునే 100 మైక్రాన్ల జాలీ ఫిల్టర్ ముందు పెట్టి, తర్వాత 20 మైక్రాన్ల క్యాండిల్ వేస్తే చాలు. తెల్లారినా మబ్బుగానే ఉంటే సంపులో తేర్చాల్సిన నీళ్ళు. తేటగా ఉండి ఉప్పగా ఉంటే ఈ ఫిల్టర్ జోలికే వెళ్ళొద్దు.

పిల్లలు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉండి, ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రమే ఉన్న ఇళ్ళకే వీళ్ళు ఎక్కువగా వెళ్తున్నారు. ఫోన్ చేసి మీ అమ్మానాన్నలకి ఆ కడ్డీల సంగతి చెప్పండి. ఇప్పటికే కొన్నవాళ్ళు ఏఎంసీ (ఏటేటా కట్టే మెయింటెనెన్స్ ఒప్పందం) కింద ఇంకేమీ కట్టకండి. మాకు సరైన బిల్లు ఇవ్వకుండా కార్డు వెనక రాసిచ్చారు, కానీ డబ్బు ఫోన్‌పేలో పంపాం కాబట్టి ఆ రుజువు ఉంది. మీరూ డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, ఫిల్టర్ ఫోటోలు, వాట్సాప్ మాటలు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే మీరున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి.