ఆలోచన నుంచి పేటెంటు దాకా: అనంతపురంలోని ఒక సలహా సంస్థ పనితీరు

అనంతపురంలో సప్తగిరి సర్కిల్‌కు కొంత దూరంలో, ఒక మేడమీది రెండు గదుల్లో, కొత్త పరికరాలు కనిపెట్టినవారికి పేటెంటు దరఖాస్తు పనులు చేసిపెట్టే చిన్న సంస్థ ఒకటి నడుస్తోంది. నార్పల దగ్గర కళింగర (పుచ్చకాయ) సాగు చేసే మా బావమరిది, పంట తీసిన తర్వాత పొలంలో పరచి ఉన్న డ్రిప్ లేటరల్ పైపులను చుట్టడానికి ఒక పరికరం తయారు చేసుకున్నాడు. దాని దరఖాస్తు మొదటినుంచీ ఈ సంస్థ ద్వారానే సాగింది, కాగితాల వ్యవహారమంతా నేను దగ్గరుండి చూశాను. మెప్పుతోపాటు ఫిర్యాదు కూడా ఉంది కనుక సంస్థ పేరు రాయడం లేదు.

వారు అడిగిన మొదటి ప్రశ్నే నాకు వారిమీద నమ్మకం కలిగించింది. ‘అన్నా, ఈ మిషన్‌ను ఎక్కడన్నా ప్రదర్శనలో పెట్టినావా? వీడియో తీసి యూట్యూబులో గానీ, వాట్సాప్ గ్రూపుల్లో గానీ వేసినావా?’ అని అక్కడి యువ ఇంజినీరు అడిగాడు. దరఖాస్తు వేయకముందే బహిరంగంగా వెల్లడైన పరికరానికి, చట్టం ఇచ్చిన కొద్దిపాటి మినహాయింపులు తప్ప, కొత్తదనం లేదని పేటెంటు కార్యాలయం తోసిపుచ్చుతుంది. గోప్యత ఒప్పందంమీద సంతకాలు అయ్యాకే వారు పరికరం వివరాలు విన్నారు.

ఈ సంస్థ సేవల్లో అన్నింటికంటే విలువైనది పాత పేటెంట్ల శోధన. భారత పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులోనూ, గూగుల్ పేటెంట్స్‌లోనూ ఈ శోధన ఎవరైనా ఉచితంగా చేసుకోవచ్చు. కాకపోతే దేనికోసం వెతకాలో తెలియడంలోనే నేర్పు ఉంది. పైపులు చుట్టే పరికరాలు ఇంతకుముందే అనేకం ఉన్నాయని వారు పత్రాలతో సహా చూపించి, మొత్తం పరికరానికి పేటెంటు రాదని మొగమాటం లేకుండా చెప్పేశారు. అయితే పైపు మొక్క మొదలుకు తగులుకున్నప్పుడు తెగిపోకుండా, చుట్టే చక్రం పట్టు దానంతటదే సడలే క్లచ్ ఏర్పాటు మాత్రం వారికి ఎక్కడా కనిపించలేదు. ఫీజు పుచ్చుకుని ఏదో ఒకటి దాఖలు చేసేవారు చాలామంది ఉండే ఈ రంగంలో, ఏది కొత్తదో ఏది కాదో విడదీసి చెప్పడం చిన్న విషయం కాదు. వేరుశనగ విత్తే కొత్త పద్ధతి ఒకటి తెచ్చిన మరో రైతును, 1970 నాటి పేటెంట్ల చట్టం మూడో సెక్షను ప్రకారం వ్యవసాయ పద్ధతులకు పేటెంటు ఇవ్వరని చెప్పి, రూపాయి తీసుకోకుండా తిప్పి పంపడం కూడా అక్కడే చూశాను.

అదే సెక్షనులోని మరో నియమం మాకూ అడ్డు వచ్చింది. తెలిసిన పరికరాలను పక్కపక్కన చేర్చినప్పుడు, దేని పని అది విడిగా చేసుకుంటూ పోతే, ఆ కూర్పును ఆవిష్కరణగా గుర్తించరు. మా బావమరిది పరికరంలో పైపుమీది బురద తుడిచే భాగం కూడా ఉంది. తుడుపు బిగువును బట్టే క్లచ్ సడలే స్థాయి మారుతుందని, అంటే రెండూ కలిసి ఒకే ఫలితం ఇస్తున్నాయని, స్పెసిఫికేషన్‌లో (ఆవిష్కరణను వివరించే పత్రంలో) వివరంగా రాయించారు. ఆ ఆలోచన బెంగళూరులో ఉండే వారి పేటెంటు ఏజెంటుది. పేటెంటు కార్యాలయంలో ఏజెంటుగా నమోదు కావాలంటే సైన్సు లేదా ఇంజినీరింగు డిగ్రీ ఉండి, నిర్ణీత పరీక్ష గట్టెక్కాలి. ఇలాంటి సంస్థ గడప తొక్కేవారు ముందుగా ఏజెంటు నమోదు సంఖ్య అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు.

క్లెయిములు రాయడంలో మాత్రం మొదటి ప్రతి తీసికట్టుగా ఉంది. హక్కు ఎంతవరకు వర్తిస్తుందో తేల్చేవి క్లెయిములే. అలాంటి చోట సైకిల్ చైను, 16 మి.మీ. పైపు అని నమూనాలో ఉన్నది ఉన్నట్టు రాసేశారు. అలా వదిలేస్తే, చైను తీసి బెల్టు వేసినవాడు దర్జాగా అదే పరికరం అమ్ముకోగలడు. గట్టిగా అడిగాక ‘శక్తిని అందించే సాధనం’ అని విస్తృతంగా మార్చి, చైనును ప్రధాన క్లెయిముమీద ఆధారపడే ఉపక్లెయిములోకి దింపారు. డబ్బు తీసుకునేది ప్రధానంగా ఈ పనికే అయినప్పుడు, అడిగితే తప్ప సరిచేయకపోవడం లోపమే.

ఖర్చుల విషయానికి వస్తే, వ్యక్తిగత దరఖాస్తుదారు ఆన్‌లైన్‌లో కట్టే ప్రభుత్వ రుసుము దాఖలుకు 1,600 రూపాయలు, దరఖాస్తును పరీక్షించమని పేటెంటు కార్యాలయాన్ని కోరడానికి 4,000 రూపాయలు. పది దాటిన ప్రతి క్లెయిముకూ అదనంగా 320 రూపాయలు. సంస్థ రుసుము దీనికి చాలా రెట్లు ఉంటుంది, అయినా ప్రభుత్వానికి ఎంత, తమకు ఎంత అన్నది రసీదులో విడివిడిగా చూపిస్తారు. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి, పూర్తి స్పెసిఫికేషన్‌కు ఉన్న 12 నెలల గడువును గుర్తుచేస్తూ వచ్చారు. ఆ గడువు దాటితే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క.

నాకు బొత్తిగా నచ్చనిది ఆ తర్వాత మొదలైన ఫోన్ల వరస. ‘ప్రపంచ పేటెంటు’ పేరుతో ఒక ప్యాకేజీ, కంపెనీలకు పరిచయం చేస్తామంటూ మరొకటి అంటగట్టాలని చూశారు. ప్రపంచమంతటికీ చెల్లే పేటెంటు అనేది లేదు. పలు దేశాలకు కలిపి ఒకే దరఖాస్తు వేసే పీసీటీ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద దరఖాస్తు వేసినా, చివరకు ఏ దేశంలో కావాలంటే ఆ దేశంలో విడిగా రుసుము కట్టి పరీక్షకు నిలవాల్సిందే. నార్పల రైతు పరికరానికి జర్మనీలో హక్కు ఎందుకో ఫోన్ చేసిన అమ్మాయి చెప్పలేకపోయింది.

పెద్ద చదువూ సంస్థల అండా లేని ఆవిష్కర్తలైతే ఇక్కడికి రాకముందే, అలాంటివారికి తోడ్పడే సంస్థలైన హైదరాబాదులోని పల్లె సృజననూ, గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌నూ సంప్రదించడం మేలు. చేనేతలో నూలు ఆసు పోసే యంత్రం రూపొందించి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం లాంటివారు వెలుగులోకి రావడం వెనుక ఇలాంటి తోడ్పాటు ఉంది. కేంద్రం గుర్తించిన స్టార్టప్ అయితే, పేటెంటు పనులు చేసిపెట్టే నిర్దేశిత సహాయకుల రుసుమును ప్రభుత్వమే భరించే పథకం ఉంది. ఈ రెండు కోవల్లోకీ రాని చిన్న వర్క్‌షాపు యజమానులకు మాత్రం ఈ సంస్థను సూచిస్తాను, శోధన, దాఖలు పనులవరకే ఒప్పందం రాయించుకుంటే చాలు. మా దరఖాస్తుకు చెన్నై కార్యాలయం నుంచి మొదటి పరీక్ష నివేదిక వచ్చింది, మేము అనుకున్నట్టే మూడో సెక్షను అభ్యంతరం లేవనెత్తారు. ఆరు నెలల గడువులోపే సంస్థవారు జవాబు దాఖలు చేశారు, అదనంగా ఏమీ అడగలేదు.