ర్యాబిట్‌ఎంక్యూ: కొన్నేళ్లు నడిపాక నా సమీక్ష

మా సంస్థలో బిల్లింగ్, గోదాము, ఎస్ఎంఎస్‌లు పంపే సాఫ్ట్‌వేర్ల మధ్య సందేశాలు చేరవేసే పని కొన్నేళ్లుగా ర్యాబిట్‌ఎంక్యూదే. ఎరిక్‌సన్ సంస్థలో టెలికాం అవసరాల కోసం పుట్టిన ఎర్లాంగ్ భాషలో రాసిన ఈ సర్వర్ 2007లో మొదటిసారి విడుదలైంది. దానంతట అది కుప్పకూలడం నేను దాదాపుగా చూడలేదు. అయినా సర్వర్ నడుస్తూ ఉండటం వేరు, సందేశం పోకుండా ఉండటం వేరు. ఈ రెండో దానికి కావలసిన అమరికలు చాలావరకు మనమే చేసుకోవాలి.

ఇన్‌స్టాల్ చేయడం కష్టమేమీ కాదు. వెర్షన్‌కు సరిపడే ఎర్లాంగ్ ఉండాలి, క్లస్టర్‌లోని (కలిసి ఒకటిగా పనిచేసే) అన్ని యంత్రాల్లోనూ ఒకే ఎర్లాంగ్ కుకీ (అవి ఒకదాన్నొకటి గుర్తించే రహస్య పదం) ఉండాలి, అప్లికేషన్లకు 5672 పోర్టు, యంత్రాల మధ్య 4369, 25672 పోర్టులు తెరిచి ఉండాలి. గెస్ట్ ఖాతా మామూలుగా అదే యంత్రం నుంచి మాత్రమే పనిచేస్తుంది. దాన్ని తీసేసి, ఒక్కో అప్లికేషన్‌కు విడి ఖాతా ఇవ్వడం మేలు.

అసలు సంగతి రసీదుల దగ్గర ఉంది. క్లాసిక్ క్యూను (సందేశాలు వేచి ఉండే మామూలు రకం వరుసను) డ్యూరబుల్‌గా, అంటే రీస్టార్ట్ తర్వాతా ఉండేలా, ప్రకటించినంత మాత్రాన సరిపోదు, సందేశాన్ని కూడా పర్సిస్టెంట్‌గా (డిస్కులో దాచేలా) పంపకపోతే సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు క్యూ మిగులుతుంది గానీ అందులోని సరుకు మిగలదు. పంపే అప్లికేషన్ పబ్లిషర్ కన్ఫర్మ్‌లు (సందేశం అందిందని సర్వర్ ఇచ్చే రసీదులు) అడగకపోతే సందేశం చేరిందో లేదో దానికి తెలియదు. అంతకంటే చిక్కైనది ఇంకొకటుంది: రౌటింగ్ కీ (సందేశం ఏ క్యూకు వెళ్లాలో తేల్చే గుర్తు) తప్పుగా ఉండి సందేశం ఏ క్యూకూ చేరకపోయినా సర్వర్ కన్ఫర్మ్ ఇచ్చేస్తుంది. మ్యాండేటరీ ఫ్లాగ్ పెడితేనే ఆ సందేశం పంపినవారికి తిరిగి వస్తుంది. కొత్తగా చేరే డెవలపర్లకు నేను మొదట చెప్పేది ఇదే.

అందుకునే వైపు ఆటో అక్‌ను, అంటే సందేశం పంపగానే అందినట్టు లెక్కించే పద్ధతిని, మేము వాడము. డేటాబేస్‌లో కమిట్ అయ్యాకే (నమోదు ఖాయమయ్యాకే) అక్, అంటే అందిందనే రసీదు, పంపుతాము. కమిట్‌కూ అక్‌కూ మధ్య కన్స్యూమర్ (సందేశాన్ని అందుకునే ప్రోగ్రాం) ఆగిపోతే అదే సందేశం మళ్లీ వస్తుంది కనుక, ఒకే ఇన్వాయిస్‌కు రెండు ఎస్ఎంఎస్‌లు వెళ్లకుండా బిల్లు నంబరు సరిచూసుకునే బాధ్యత అప్లికేషన్‌దే. ప్రీఫెచ్‌కు (అక్ ఇవ్వకుండా ఒక కన్స్యూమర్ ఒకేసారి పట్టుకోగల సందేశాల సంఖ్యకు) పరిమితి పెట్టడమూ తప్పనిసరి. లేకుంటే మేనేజ్‌మెంట్ పేజీలో ‘రెడీ’ సున్నా చూపిస్తుంది, ‘అన్‌అక్డ్’ (ఇంకా అక్ రానివి) వేలల్లో ఉంటుంది, ఒక కన్స్యూమర్ మొత్తం మోస్తుంటే మిగతావి ఖాళీగా కూర్చుంటాయి.

క్లస్టర్ విషయంలో పాత మిర్రర్డ్ క్యూలతో (ఒక క్యూ నకళ్లను వేర్వేరు యంత్రాల్లో ఉంచే పద్ధతితో) నేను ఎన్నడూ నిశ్చింతగా లేను. పడిపోయిన యంత్రం తిరిగి వచ్చి సింక్ అయ్యేంతసేపూ క్యూ స్తంభించేది. 2019లో 3.8తో వచ్చిన కోరమ్ క్యూలు రాఫ్ట్ పద్ధతిలో (సగానికి మించిన యంత్రాలు ఒప్పుకుంటే చాలనే పద్ధతిలో) పనిచేస్తాయి కనుక మూడు యంత్రాల్లో రెండు బతికి ఉంటే పని సాగుతుంది. వీటికి వేగమైన డిస్కు కావాలి, ఆ ఖర్చుకు వెనకాడకూడదు. పాత క్యూను ఉన్నచోటే కోరమ్ క్యూగా మార్చే వీలు లేకపోవడం మాత్రం విసుగు పుట్టించింది. కొత్త క్యూ ప్రకటించి, షవెల్ ప్లగిన్‌తో సందేశాలను తరలించవలసి వచ్చింది.

డిఫాల్ట్ విలువల్లో నాకు ఏమాత్రం నచ్చనిది డిస్కు పరిమితి. ఖాళీ స్థలం 50 ఎంబీకి పడిపోయేదాకా హెచ్చరిక మోగకపోతే ఇక చేయగలిగేది ఏముంటుంది? మేము దాన్ని జీబీల్లో పెట్టుకున్నాము. మెమరీ పరిమితి గానీ, ఇది గానీ దాటితే సర్వర్ క్లస్టర్ మొత్తం మీద సందేశాలు పంపే కనెక్షన్లను ఆపేస్తుంది. ఒక రాత్రి ఎస్ఎంఎస్ కన్స్యూమర్ ఆగి క్యూ పెరిగిపోయినప్పుడు, దానితో సంబంధం లేని బిల్లింగ్ కౌంటర్ కూడా నిలిచిపోయింది. ఉన్న సందేశాలను పోగొట్టుకోవడం కంటే కొత్తవాటిని ఆపడమే న్యాయమని ఒప్పుకుంటాను గానీ, క్యూ పొడవుపై అలర్ట్ లేనివారికి ఆ న్యాయం తెల్లవారాక తెలుస్తుంది.

2024లో వచ్చిన 4.0లో మిర్రరింగ్‌ను పూర్తిగా తొలగించారు. అప్‌గ్రేడ్‌కు ముందు స్టేబుల్ ఫీచర్ ఫ్లాగ్‌లన్నీ (కొత్త సదుపాయాలను ఆన్ చేసే మీటలు) ఆన్ చేసుకోవాలి. కోరమ్ క్యూలో పదేపదే తిరిగివచ్చే సందేశానికి ఇప్పుడు డిఫాల్ట్‌గా 20 సార్ల పరిమితి ఉంది. డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్ (ఇలాంటి సందేశాలను వేరే చోటికి మళ్లించే ఏర్పాటు) పెట్టకపోతే, ఆ పరిమితి దాటిన సందేశాన్ని సర్వర్ పారేస్తుంది.