స్నో పిల్లో: చాలా శీతాకాలాలు వాడాక

కొండ మీద పేరుకున్న మంచులో నీరెంత ఉందో చెప్పే పరికరం స్నో పిల్లో. నేల మీద పరిచే వెడల్పాటి తిత్తి, లోపల గడ్డకట్టని ద్రవం. మంచు పడేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, సెన్సర్ ఆ సంఖ్యను పంపుతుంది. చదరపు మీటరుకు 1 కిలో బరువంటే 1 మిల్లీమీటరు నీరు. లెక్క అంతే.

నాకు బాగా నచ్చింది, ఇది లోతు చూసి మోసపోదు. అప్పుడే పడ్డ మంచు మీటరు లోతున్నా కరిగితే సుమారు 10 సెంటీమీటర్ల నీరే. వసంతానికి బాగా దిగిన మంచైతే అదే మీటరులో 40 పైనే ఉండొచ్చు. లోతు తగ్గుతున్నా బరువు తగ్గలేదంటే మంచు కుదించుకుంటోందే తప్ప నీరు బయటికి పోవట్లేదు. గంట గంటకూ ఈ సంగతి తెలియడం పెద్ద సుఖం.

చిరాకు పెట్టేది గట్టిపొర. పైమంచు పగలు కాస్త కరిగి రాత్రి బిగిస్తే, ఆ పెంకు చుట్టూ ఉన్న మంచు మీద ఆనుకుని బరువులో కొంత తనే మోస్తుంది. రీడింగ్ తక్కువ వస్తుంది. అది విరిగిన రోజున ఆకాశంలో మబ్బు లేకపోయినా గ్రాఫ్ ఒక్కసారి ఎగబాకుతుంది. అందుకే ట్యూబ్ గుచ్చి తూచే పాత పద్ధతిని నేను మానలేదు. అమెరికా ప్రొఫెసర్ జేమ్స్ చర్చ్ 20వ శతాబ్దం మొదట్లో రూపొందించిన పద్ధతి అది. అందులో వాడే సన్నటి ఫెడరల్ ట్యూబ్ 10 శాతం దాకా ఎక్కువ చూపిస్తుందని పేరుంది కాబట్టి దాన్నీ గుడ్డిగా నమ్మను.

అసలు పేచీ నది దగ్గర. కరిగిన నీరంతా వెంటనే ప్రవాహంలో కలవదు. ముందు మంచు మొత్తం సున్నా డిగ్రీలకు రావాలి, తర్వాత దాని సందులు నిండాలి, ఆపైన ఎండిన నేల తన వాటా తాగుతుంది. కొంత నేరుగా ఆవిరైపోతుంది. పైగా కరిగిన నీరు లోపలికి ఇంకుతూ నేలలోని పాత నీటిని ముందుకు తోస్తుంది. వసంతపు వరదలో చాలా భాగం ఆ పాత నీరేనని, నీరు ఎక్కడిదో గుర్తుపట్టే ఐసోటోప్ పరీక్షల్లో చాలా చోట్ల తేలింది. పగలు కరిగింది ఏటి నీటిమట్టం కొలిచే గేజీలో సాయంత్రమో రాత్రో చిన్న అలగా కనిపిస్తుంది, పెద్ద నదిలో ఆ అల కూడా కలిసిపోతుంది.

ఇంకో సంగతి. పిల్లో ఉండేది ఒక్క చదును చోట. అది సున్నా చూపించాక కూడా పై ఎత్తుల్లో, నీడ వాలుల్లో మంచు మిగిలి నదికి నీళ్లిస్తూనే ఉంటుంది. ఉపగ్రహ చిత్రాల్లో మంచు ఎంత మేర ఉందో చూడకుండా 'ఇక అయిపోయింది' అనొద్దు.

నా ఓటు స్నో పిల్లోకే, కాకపోతే ట్యూబ్ తోడుంటేనే. కొత్తగా పెట్టేవాళ్లు వేసవిలో ఒకసారి వెళ్లి ఖాళీ రీడింగ్ సున్నాకు వస్తోందో లేదో చూడండి. తిత్తిని జంతువులు కొరికినా, ద్రవం కారుతున్నా అప్పుడైతే బాగు చేసుకోవచ్చు, మంచు కప్పేశాక చేసేదేమీ ఉండదు.