యూనివర్సిటీ కార్బన్ లెక్క: బిల్లులు చూసి కట్టాలా, మీటర్లు చూసి కట్టాలా?

యూనివర్సిటీ ఏడాదికి ఎన్ని టన్నుల కార్బన్ వదులుతోందో తేల్చడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, అకౌంట్స్ సెక్షన్ పద్దులు తీసుకుని, ఒక్కో రకం ఖర్చుకు ఇంత కార్బన్ అని ఆ రంగం సగటుతో గుణించడం. రెండోది, ఎన్ని లీటర్ల డీజిల్ కాలింది, ఎన్ని యూనిట్ల కరెంటు వాడారు, ఎన్ని కిలోమీటర్లు విమానాల్లో తిరిగారు అని వాడకాన్నే లెక్కపెట్టడం.

కార్బన్ లెక్కలకు ప్రపంచమంతా వాడే నియమావళి జీహెచ్‌జీ ప్రోటోకాల్. అందులో స్కోప్ 1 అంటే క్యాంపస్‌లోనే మండే ఇంధనం, లీకయ్యే గ్యాస్, స్కోప్ 2 అంటే కొన్న కరెంటు లాంటివి. ఈ రెండింటికీ వాడకం లెక్కే మేలు, ఇందులో పెద్దగా వాదించేదేమీ లేదు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, డీజిల్ ధర ఎంతున్నా సరే. జనరేటర్ లాగ్‌బుక్, కరెంటు మీటర్ ఎలాగూ ఉంటాయి. చాలామంది మర్చిపోయేది ఏసీ గ్యాస్. ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో గాల్లో కలిస్తే దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం. బిల్లులో మాత్రం ‘ఏసీ సర్వీసింగ్’ అని ఒక్క చిన్న లైన్ ఉంటుంది. పద్దులు చూసి లెక్క కడితే ఇది కనపడనే కనపడదు.

అసలు తలనొప్పి స్కోప్ 3. కొనుగోళ్లు, ప్రయాణాలు, కొత్త భవనాల సిమెంటు, ఉక్కు, విద్యార్థుల రాకపోకలు అన్నీ ఇందులోకే వస్తాయి. చాలా యూనివర్సిటీల్లో పెద్ద వాటా దీనిదే. ల్యాబ్ కెమికల్స్ దగ్గర్నుంచి కుర్చీల దాకా వేల బిల్లులు. ఒక్కోదాని బరువు, తయారీ కనుక్కుంటూ కూర్చుంటే ఏడాది గడిచిపోతుంది. ఇక్కడ ఖర్చు లెక్కే దిక్కు. పెద్ద వాటాలు ఎక్కడున్నాయో త్వరగా చూపిస్తుంది కూడా.

కానీ దాన్ని పట్టుకుని ఏటేటా తగ్గించామా లేదా అని చూడబోతే మోసపోతాం. బేరమాడి అవే ల్యాప్‌టాప్‌లు సగం ధరకు కొంటే కాగితం మీద కార్బన్ సగమవుతుంది. రీసైకిల్ చేసిన కాగితం కాస్త ఎక్కువ పెట్టి కొంటే కార్బన్ పెరిగినట్టు చూపిస్తుంది! ధరలు పెరిగినా అంతే, సగటు అంకెల్ని సవరించుకోకపోతే. పర్చేజ్ సెక్షన్ పడిన శ్రమకు ఫలితం ఉండదు.

అందుకే నా ఓటు కలగలుపు పద్ధతికి. మొదటి ఏడాది స్కోప్ 3 మొత్తానికీ ఖర్చు లెక్క వేయండి. అందులో పైన తేలిన నాలుగైదింటిని ఒక్కొక్కటిగా వాడకం లెక్కకు మార్చండి. విమాన ప్రయాణాలతో మొదలుపెట్టడం తేలిక, టికెట్ మీద ఊర్లూ క్లాసూ రెండూ ఉంటాయి. క్లాసు వదిలేయకూడదు. దూర ప్రయాణాల్లో బిజినెస్ క్లాసు సీటుకు ఎకానమీకి రెండు మూడు రెట్ల కార్బన్ లెక్కగడతారు, అది ఆక్రమించే చోటును బట్టి. ల్యాప్‌టాప్‌లకు చాలా కంపెనీలు మోడల్‌వారీగా కార్బన్ అంకె ఇస్తున్నాయి, దాన్ని సంఖ్యతో గుణిస్తే చాలు. స్టేషనరీ లాంటి చిల్లర పద్దుల్ని ఖర్చు లెక్కలోనే ఉంచేయొచ్చు, వాటి కోసం మనిషిని పెట్టడం దండగ.

పద్ధతి మార్చినప్పుడు బేస్ ఇయర్‌ను, అంటే తగ్గుదలను పోల్చి చూసే మొదటి ఏడాది లెక్కను కూడా కొత్త పద్ధతిలో తిరిగి కట్టాలి. లేకపోతే లెక్క మారినందుకు తగ్గిన టన్నుల్ని కూడా యూనివర్సిటీ తన ఘనతగా రిపోర్టులో వేసేసుకుంటుంది.