రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ: చెరువు గట్టు మీద, టీవీ వెనకాల

రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ మీద నెట్‌లో కనిపించే రివ్యూలు చాలావరకు ఏసీ గదిలో, శుభ్రమైన టేబుల్ మీద, కరెంటు పోని ఊళ్లో కూర్చుని రాసినవి. నాది భీమవరం పక్కన టీవీలు, ఇన్వర్టర్లు, మోటారు స్టార్టర్లు బాగుచేసే షాపు. ఈ బోర్డుని నేను వాడింది రొయ్యల చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో, స్వీట్ల కొట్లో టీవీ వెనకాల, మా ఇంట్లో రౌటర్ పక్కన. బోర్డు మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ మీరు మనసులో పెట్టుకున్న పనికి ఇదే కావాలా అంటే, నన్నడిగేవాళ్లలో సగం మందికి అక్కర్లేదనే చెబుతాను. ఎందుకో కింద రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది పూర్తి స్థాయి కంప్యూటరే. 65 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు. 1 గిగాహెర్ట్జ్ మీద నడిచే నాలుగు కోర్ల ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, వైఫై, బ్లూటూత్ ఉంటాయి. హార్డ్ డిస్క్ ఉండదు, మెమరీ కార్డు మీదే లినక్స్ నడుస్తుంది. 2021 అక్టోబరులో వచ్చింది, అప్పటి ధర 15 డాలర్లు. పన్నులు, కొరియరు కలిపి నా చేతికి వచ్చేసరికి రెండు వేలకి కాస్త తక్కువ పడింది.

"ఇదేంటి బావా, బిస్కెట్టు ముక్కంత లేదు, దీనికి రెండు వేలా?" అన్నాడు మా బావ.

మిగతా ఖర్చు అప్పటికి ఆయనకి చెప్పలేదు. దీని హెచ్‌డీఎంఐ మామూలు సైజు కాదు, మినీ. దానికో కన్వర్టరు కొనాలి. యూఎస్‌బీ పెన్‌డ్రైవో కీబోర్డో పెట్టాలంటే ఓటీజీ కేబుల్ కావాలి. మంచి మెమరీ కార్డు, 5 వోల్టుల 2.5 ఆంపియర్ల అడాప్టరు, డబ్బా... అన్నీ కలిపితే బోర్డు ఖరీదంత మళ్లీ అవుతుంది. పిన్నులు కూడా ఉండవు, మనమే టంకం వేసుకోవాలి. పిన్నులు అంటించి వచ్చే రకం కూడా దొరుకుతోంది. సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ పట్టనివాళ్లు అదే కొనండి. నలభై పిన్నుల మీద చెయ్యి సాధన చెయ్యడం మంచిది కాదు. ఇంకో మాట: బోర్డు ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోందని షాపుకి తెచ్చే ఇంజనీరింగ్ కుర్రాళ్లకి ముందు మారుస్తున్నది కేబులే. సన్నటి రాగితీగ ఉన్న చవక కేబుల్‌లోనే వోల్టేజి బాగా దిగిపోతుంది.

ఇక అసలు పని, చెరువు సంగతి.

మా బావకి ఉండి అనే ఊరి వైపు రెండు రొయ్యల చెరువులున్నాయి. చెరువులు చేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం: పగలు నీళ్లలోని ప్లాంక్టన్ ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే ఆక్సిజన్ తీసుకుంటుంది. రొయ్య పీల్చేది రొయ్య పీలుస్తుంది. అందుకని తెల్లవారుజాముకి డీఓ, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే, రొయ్య పైకి తేలుతుంది. పంట మొత్తం పోయిన రైతులు మా చుట్టుపక్కలే ఉన్నారు.

కాపలాకి కుర్రాడున్నాడు కదా అంటారు. ఉన్నాడు. వెనకటికైతే కరెంటు పోగానే షెడ్డులో ఫ్యాను ఆగేది, దోమలు కుట్టి వాడే లేచేవాడు. ఇప్పుడు షెడ్డుకి ఇన్వర్టర్ ఉంది. ఫ్యాను ఆగదు, వాడు లేవడు. ఆ ఇన్వర్టర్ బిగించింది నేనే.

కాబట్టి మొదటి ప్రాజెక్టు కరెంటు పోతే అరిచే పెట్టె. ఇన్వర్టర్‌కి సంబంధం లేని లైన్ మీద ఒక మామూలు ఫోన్ చార్జరు పెట్టాను. దాన్నించి వచ్చే 5 వోల్టులు నేరుగా బోర్డుకి ఇవ్వకూడదు. ఈ పిన్నులు 3.3 వోల్టులకి మించి తట్టుకోవు. 10 కే, 15 కే రెసిస్టర్లు రెండు వేస్తే 3 వోల్టులకి దిగుతుంది, అది చాలు. ఒక చిన్న కిటుకు ఉంది: చార్జరు లోపలి కెపాసిటర్లో నిలిచిన చార్జి వెంటనే దిగదు, కరెంటు పోయాక కూడా కాసేపు ఉన్నట్టే చూపిస్తుంది. చార్జరు అవుట్‌పుట్‌కి అడ్డంగా 1 కే రెసిస్టర్ పెడితే అది త్వరగా ఖాళీ అవుతుంది. బోర్డు మాత్రం ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి కన్వర్టర్ ద్వారా నడుస్తుంది. పైథాన్‌లో ఇరవై లైన్లు. ఇరవై సెకన్లు కరెంటు లేకపోతే రిలే (బోర్డు చెప్పినట్టు నడిచే స్విచ్చి) పడి హూటర్ మోగుతుంది, బావ ఫోన్‌కి టెలిగ్రామ్‌లో మెసేజ్ వెళ్తుంది. ఇరవై సెకన్లు ఎందుకంటే మా లైన్ల మీద కన్ను కొట్టినట్టు పోయి వచ్చే కరెంటుకల్లా హూటర్ మోగితే, కుర్రాడు దాని వైరే పీకేస్తాడు.

కరెంటు పోయిందన్న మెసేజ్ కంటే వచ్చిందన్న మెసేజ్ ఎక్కువ పనికొచ్చింది. ఆటో స్టార్టర్ లేనిచోట కరెంటు తిరిగొచ్చినా మోటారు దానంతటది ఎక్కదు. పచ్చ బటన్ నొక్కాల్సిందే. షెడ్డులో లైటు వెలిగింది కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు, బయట ఏరియేటర్లు ఆగే ఉంటాయి. ఇప్పుడు కరెంటు రాగానే హూటర్ ఇంకో రకంగా మోగుతుంది, కుర్రాడు లేచి బటన్లు నొక్కుతాడు.

ఒక హెచ్చరిక. మూడు ఫేజులకి మూడు చార్జర్లు పెట్టి ఒక ఫేజు పోయినా పట్టేద్దాం అని కొందరు అడిగారు. దాన్ని నమ్మొద్దు. తిరుగుతున్న మోటార్లు పోయిన ఫేజు మీదకి కూడా కొంత వోల్టేజి వెనక్కి తోస్తాయి. ఫోన్ చార్జరు 100 వోల్టులున్నా పనిచేస్తుంది. ఫేజు పోయి మోటారు కాలుతున్నా మీ బోర్డు అంతా బాగుందనే చెబుతుంది. దానికి స్టార్టర్లో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారుని ఆపేసేది) పెట్టించండి, అది ఈ కంప్యూటర్లు చెయ్యాల్సిన పని కాదు. ఇంకోటి, 230 వోల్టుల వైపు చెయ్యి పెట్టే పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. తడి నేల, రేకుల షెడ్డు, బనీను మీద తిరిగే మనుషులు.

రెండోది నీటి ఉష్ణోగ్రత. డీఎస్18బీ20 అనే సెన్సరు, స్టీలు గొట్టంలో పెట్టి వైరుతో అమ్ముతారు, ఖరీదు పెద్దగా ఉండదు. ఒకే వైరు మీద పైన ఒకటి, అడుగున ఒకటి వేలాడదీయొచ్చు. 4.7 కే రెసిస్టర్ ఒకటి, సెట్టింగ్స్‌లో ఒక లైను, అంతే పని. తర్వాత సెన్సరు రీడింగ్ ఒక మామూలు ఫైల్లా కనిపిస్తుంది, తెరిచి చూస్తే చివర 29312 అని ఉంటుంది, అంటే 29.312 డిగ్రీలు. సరిగ్గా 85 డిగ్రీలు చూపిస్తే నీళ్లు మరుగుతున్నాయని కంగారు పడకండి. సెన్సరుకి అప్పుడే పవర్ అందింది, ఇంకా కొలవలేదని అర్థం. ఆ అంకెని పారేసేలా ప్రోగ్రాం రాసుకోవాలి. నీళ్లు చల్లబడితే రొయ్య మేత తగ్గిస్తుంది కాబట్టి, మబ్బు పట్టిన రోజుల్లో బావ ఈ గ్రాఫ్ చూసే మేత వేయిస్తున్నాడు.

సెన్సరు కంటే జాయింట్లు ఏడిపిస్తాయి. మా దగ్గర నీళ్లలో ఉప్పు, గాల్లో తేమ. టేపు చుట్టిన జాయింట్ కొద్ది రోజులకే పచ్చగా చిలుము పడుతుంది. వైరు అతుకు లేకుండా ఒకే ముక్కగా తెచ్చి, రబ్బరు గ్లాండు ఉన్న జంక్షన్ బాక్సులోకి కింద నుంచి ఎక్కించాలి. పైనుంచి దింపితే వాన నీరు వైరు పట్టుకుని లోపలికొస్తుంది. ఏ కన్నం వదిలినా ముందు చీమలు, ఆ తర్వాత బల్లి.

డీఓ సెన్సరు పెట్టొచ్చా అని అడగని రైతు లేడు. పెట్టొచ్చు. కానీ నమ్మదగిన డీఓ ప్రోబు ఖరీదు ముందు బోర్డు ఖరీదు ఒక లెక్కే కాదు. దానికి నాచు తుడవాలి, తరచూ సరిచూడాలి. పీహెచ్ ప్రోబు కొంత చవక గానీ, ఈ బోర్డుకి అనలాగ్ సిగ్నల్, అంటే వోల్టేజి ఎంతుందో, చదివే పిన్నే లేదు. మధ్యలో ఏడీఎస్1115 లాంటి ఇంకో చిన్న బోర్డు పెట్టాలి. సరదాకి చెయ్యండి, దాన్ని నమ్ముకుని మాత్రం పంట పెట్టకండి.

చెరువు దిగి ఊళ్లోకి వస్తే ఈ బోర్డు అచ్చంగా సరిపోయిన చోటు ఒకటుంది. ఆత్రేయపురం వైపు మాకు తెలిసినాయన పూతరేకుల కొట్టు ఉంది. గోడకి పాత ఎల్‌సీడీ టీవీ. బెల్లం పూతరేకు ఎంత, డ్రైఫ్రూట్ ఎంత అని ధరల పట్టిక, మధ్య మధ్యలో రేకు తీస్తున్న వీడియో. బోర్లించిన వేడి కుండ మీద పిండిలో తడిపిన బట్ట అలా లాగితే రేకు లేవడం, అది చూడ్డానికే జనం ఆగుతారు. టీవీ వెనకాల డబుల్ టేపుతో ఈ బోర్డు అంటించాను. కార్డులో ఉన్న 1080 వీడియో ఆగకుండా ఆడుతుంది. ధర మారితే ఆయన కొడుకు ఫోన్ నుంచి వైఫై మీద బొమ్మ మారుస్తాడు. కానీ ఇదే బోర్డు మీద బ్రౌజర్ తెరిచి యూట్యూబ్ పెడదామంటే మాత్రం నరకం. 512 ఎంబీ ర్యామ్‌తో ఈ రోజుల్లో ఒక వెబ్ పేజీ తెరుచుకోవడమే గొప్ప. ఇంట్లో పిల్లలకి చదువుకునే కంప్యూటర్‌గా ఇద్దామనుకునేవాళ్లు దీని జోలికి రాకండి. రాస్ప్‌బెర్రీ పై 4 గానీ 5 గానీ చూడండి, లేదా ఎవరో అమ్మేస్తున్న పాత లాప్‌టాప్ కొనండి. నన్నడిగితే లాప్‌టాపే.

ఇంట్లో పై-హోల్ పెట్టాను. ప్రకటనల సర్వర్ల పేర్లు ఎవరు అడిగినా లేవని చెప్పే ప్రోగ్రాం అది, ఇంట్లో అన్ని ఫోన్లకీ పనిచేస్తుంది. యూట్యూబ్ ప్రకటనలు ఆపలేదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. బోర్డు ఆగితే ఇంట్లో నెట్ ఆగినట్టే, అప్పుడు మా ఆవిడ షాపుకి ఫోన్ చేసి పిలిచే పిలుపు ఏ హూటర్‌కీ తీసిపోదు. మా మేనల్లుడు రేడియో సిగ్నళ్లు పట్టే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ ఒకటి తగిలించి 1090 మెగాహెర్ట్జ్ మీద విమానాల సిగ్నళ్లు పట్టాడు. మధురపూడి (రాజమండ్రి) విమానాశ్రయానికి వచ్చేవీ, మన నెత్తి మీదుగా పోయేవీ మ్యాపు మీద కనిపిస్తాయి. పనికొచ్చేది ఏమీ లేదు, సరదా మాత్రం చాలా ఉంది.

ఏ ప్రాజెక్టు చేసినా మన ప్రాంతంలో దీని ప్రాణం మెమరీ కార్డులో ఉంది. రాస్తున్నప్పుడు కరెంటు పోతే ఫైళ్లు చెడతాయి, మర్నాడు బోర్డు లేవదు. రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ ప్రోగ్రాంలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉండి కార్డు మీద రాయదు. కొట్లో టీవీకి అది తప్పనిసరి, బొమ్మలు మార్చేటప్పుడు కాసేపు తీసేసుకోవాలి. అన్నీ సర్దుకున్నాక కార్డుకి ఒక కాపీ తీసి పెట్టుకోండి. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర సగం ధరకి తీసుకున్న 64 జీబీ కార్డు నిజంగా చూస్తే 8 జీబీ, ఆ పైన రాసినదంతా గాల్లో కలిసింది. కొన్న వెంటనే నింపి పరీక్షించాలి. బోర్డులో గడియారం కూడా లేదు. నెట్ లేకుండా లేస్తే టైము తప్పు చూపిస్తుంది, చెరువు లెక్కలన్నీ తారుమారవుతాయి. డీఎస్3231 గడియారం ముక్క ఒకటి తగిలిస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఇప్పుడు మొదట అన్న మాట. కరెంటు హూటర్‌కి, ఉష్ణోగ్రతకి లినక్స్ అవసరమే లేదు. అదే కంపెనీది పికో డబ్ల్యూ అని, లినక్స్ లేకుండా ఒకే ప్రోగ్రాం నడిపే చిన్న వైఫై బోర్డు ఉంది, 2022లో 6 డాలర్లకి వచ్చింది. ఈఎస్‌పీ32 బోర్డులు కూడా అంత చవకే. వీటిలో మెమరీ కార్డు లేదు, చెడడానికి ఏమీ లేదు. కరెంటు రాగానే క్షణంలో పని మొదలుపెడతాయి, అనలాగ్ పిన్నులు కూడా ఉంటాయి. జీరో 2 డబ్ల్యూ అదనంగా ఇచ్చేది ఏమిటంటే, గ్రాఫ్‌లు అక్కడే దాచి పేజీలా చూపించడం, టీవీకి బొమ్మ ఇవ్వడం, కెమెరా పెట్టుకోవడం, నేను షాపులో కూర్చుని టెయిల్‌స్కేల్ (దూరంగా ఉన్న కంప్యూటర్లని నెట్ మీద కలిపే ప్రోగ్రాం) ద్వారా చెరువు మీద ప్రోగ్రాం మార్చుకోవడం. ఈ నాలుగింటిలో ఒక్కటైనా కావాలంటే దీన్ని మించింది ఈ ధరలో నాకు కనిపించలేదు. ఆరెంజ్ పై బోర్డులు ర్యామ్ ఎక్కువిస్తాయి గానీ, ఏదైనా ఇబ్బంది వస్తే జవాబు వెతుక్కోవడానికి అర్ధరాత్రి అవుతుంది. దీనికైతే మీకొచ్చిన ప్రతి చిక్కూ ఎవరికో ముందే వచ్చి ఉంటుంది.

రెండో చెరువుకి కూడా హూటర్ కావాలంటున్నాడు బావ. దానికి పికో డబ్ల్యూ ఆర్డర్ పెట్టాను. రీడింగులు షెడ్డులోని జీరోకే పంపిస్తుంది, ఆ చెరువు గట్టుకీ షెడ్డుకీ మధ్య వైఫై అందకపోతే మధ్యలో ఒక రిపీటర్ పెట్టాలి.