పాత వ్యాన్‌లో ఆడలి, మహేంద్రగిరి: కొండ మీద కాదు, కొండ కింద పడుకోండి

మా బావ దగ్గర 2006 మోడల్ టెంపో ట్రావెలర్ ఒకటుంది. పెళ్లిళ్లకీ, అరసవల్లి, శ్రీకూర్మం ట్రిప్పులకీ తిరిగిన బండి. వెనక సీట్లు పీకించి, ప్లైవుడ్ బల్ల కొట్టించి, దాని మీద కొబ్బరిపీచు పరుపు వేశాడు. రెండు నీళ్ల టిన్నులు, ఐదు కిలోల గ్యాస్ బండ, కిటికీలకి దోమతెర. దీపావళి వెళ్లిన వారం బావ, అక్క, మేనల్లుడు, నేను శ్రీకాకుళం నుంచి బయల్దేరి మూడు రాత్రులు తిరిగొచ్చాం. ఇలాంటి బండితో వెళ్దామనుకునేవాళ్లు మాకు జరిగింది చదివి వెళ్తే మంచిదని రాస్తున్నాను.

మొదటి రోజు ఆమదాలవలస, పాలకొండ మీదుగా సీతంపేట. 2022లో జిల్లాలు విడిపోయాక అది పార్వతీపురం మన్యంలోకి పోయింది గానీ మాకు ఇప్పటికీ మన సీతంపేటే. రోడ్డు పక్కన బుట్టల్లో సీతాఫలాలు పెట్టుకుని సవర గిరిజన ఆడవాళ్లు కూర్చునుంటారు, బేరం ఆడకుండా కొనండి, ఆ కాయ రుచి టౌన్లో దొరికేదానికి రాదు. సాయంత్రానికి ఆడలి వ్యూ పాయింట్ ఎక్కాం. వరసగా కొండలు, మధ్యలో పోడు చేలు, పొద్దు వాలుతుంటే ఒక్కో వరసా ఒక్కో రంగు. చూడ్డానికి మాత్రం వంకపెట్టే పని లేదు. అక్కడే బండి ఆపి పడుకుందామని మా ప్లాను. పైన కనబడిన పెద్దాయన ఒద్దన్నాడు, "మంచు దిగితే ముందు రోడ్డు కనబడదు బాబూ, వెలుగుండగానే దిగిపోండి" అన్నాడు. ఆ మాట ఇంకో గంట ముందు ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

దిగేటప్పుడే అసలు టెన్షన్. ఎక్కిన గేర్లోనే దిగాలని లారీ వాళ్లు చెప్పే మాట బావకి తెలియంది కాదు, చీకటి పడుతోందన్న తొందరలో మూడో గేర్లో వదిలి బ్రేకు మీద కాలు పెట్టుకునే వచ్చాడు. నాలుగైదు మలుపులు దాటేసరికి కాలిన రబ్బరు లాంటి వాసన, ఆ తర్వాతి మలుపు దగ్గర పెడలు మెత్తగా కిందకి దిగిపోయింది. సెకండ్‌కి, ఫస్ట్‌కి తగ్గించి ఇంజిన్ పట్టు మీద ఎలాగో కొండ వైపు ఆపాడు. అక్క చెయ్యి నా భుజం మీద ఎంత గట్టిగా పడిందంటే మర్నాటికీ ఆ చోటు నొప్పిగానే ఉంది. దిగి చూస్తే ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. మేనల్లుడు నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఒరేయ్ ఆగు, వేడి మీద నీళ్లు పోస్తే ఇనుము పగిలిపోద్ది" అని బావ కేకేశాడు. టైర్ల కింద రాళ్లు పెట్టి నలభై నిమిషాలు ఊరికే కూర్చున్నాం. తర్వాత ఫస్ట్ గేర్లో, మనిషి నడిచినంత మెల్లగా కిందకి దిగాం. ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దించితే డీజిలు మిగులుతుందని కొందరు చెబుతారు, దయచేసి వినకండి. ఇంజిన్ ఆగితే బ్రేకుకి బూస్టర్ సాయం పోతుంది, ఎంత తొక్కినా రాయి మీద కాలు పెట్టినట్టే ఉంటుంది.

కింద ఒక ఊళ్లో పెద్దల్ని అడిగి బోరింగు పక్కన ఖాళీ స్థలంలో ఆపుకున్నాం. మూడు రాత్రుల్లో మంచి రాత్రి అదే. వాన్‌లో వంట పెట్టకండి, బండ బయట పెట్టుకోండి. తలుపులన్నీ బిగించుకోకండి కూడా. చలికి మేం అదే తప్పు చేశాం. నలుగురి ఊపిరికి తెల్లారేసరికి రేకు లోపలంతా చెమ్మ పట్టి అక్క మొహం మీద చుక్కలు చుక్కలుగా పడింది. మళ్లీ బండిలో పడుకున్నప్పుడు రెండు కిటికీలు నాలుగు వేళ్ల వెడల్పు తీసి దోమతెర బిగించాం, పరుపు పొడిగా ఉంది. ఏజెన్సీలో మలేరియా ఉంటుంది కాబట్టి తెర లేకుండా కిటికీ తియ్యొద్దు.

పొద్దున్నే మెట్టుగూడ జలపాతంలో స్నానం. పిల్లలకి బాగా నచ్చుతుంది, సెలవు రోజు మాత్రం వెళ్లకండి. కొత్తూరులో ఒక మెకానిక్ చక్రాలు విప్పి బ్రేకు లైనింగు ఎంత అరిగిందో చేతికిచ్చి చూపించాడు. కొత్తది వేసి, బ్రేకు ఆయిలు మార్చి, మళ్లీ తోలి చూసి మరీ ఇచ్చాడు. ఈ ట్రిప్పులో పెట్టిన డబ్బుల్లో అంత సంతోషంగా ఇచ్చినవి వేరే లేవు.

రెండో రాత్రి వాన. పాతపట్నం దాటి పర్లాకిమిడిలో లాడ్జి తీసుకున్నాం. ఒడిశాలో ఉన్నా తెలుగుతోనే పనైపోతుంది. రూము గురించి చెప్పాలంటే వేడినీళ్లు ఉన్నాయని డబ్బులు కట్టించుకుని పొద్దున్న రెండు బకెట్లు మోయించారు, దుప్పట్లు మాసి ఉన్నాయి. ఎదురుగా టిఫిన్ బండి మీద ఇడ్లీ మాత్రం వేడిగా, మెత్తగా ఉంది.

ఒడిశాలోనే ఉన్న మహేంద్రగిరి కొండ ఎత్తు 1,501 మీటర్లు. ఈసారి బుద్ధి తెచ్చుకుని కొండ కింద ఊళ్లోనే పడుకుని నాలుగింటికి లేచి ఎక్కాం. రాత్రంతా చల్లారిన ఇంజిను, ఎదురొచ్చే బండి లేదు, రెండో గేర్లో హాయిగా ఎక్కింది. పైన బండి దిగి కొంత నడక. కుంతి గుడి, ధర్మరాజు గుడి, భీముడి గుడి. భీముడి గుడి చిన్నదే గానీ ఒక్కో రాయి దగ్గర నిలబడి చూస్తే మనిషి ఎత్తగలిగేది కాదు. రాళ్ల సందుల్లో నాచు, చెయ్యి పెడితే మంచుగడ్డలా చల్లగా తగిలింది. తేటగా ఉంటే సముద్రం కనబడుతుందంటారు, మాకు మబ్బే కనబడింది, అయినా ఎవరికీ దిగబుద్ధి కాలేదు. శివరాత్రికి జనం పోటెత్తుతారు, పెద్ద బండితో అప్పుడు వద్దు. పైన తిండి దొరుకుతుందని నమ్ముకోకండి. మేం కింద వండుకున్న పులిహోర, ఆవకాయ తీసుకెళ్లాం. ప్లాస్టిక్ మాత్రం మళ్లీ బండిలోనే వేసుకుని దిగండి, ఆ రాళ్ల మధ్య కురుకురే కవరు చూస్తే నిజంగా బాధేసింది.

దిగేటప్పుడు బావ సెకండ్ దాటనివ్వలేదు. సగం దారిలో ఆపి నేనూ మేనల్లుడూ చక్రాల దగ్గర వాసన చూశాం, ఏమీ లేదు. టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లన్నకి దండం పెట్టుకుని చీకటి పడకముందే శ్రీకాకుళం చేరాం.